గాలి తుపాకీకి ఊత

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

సావనీరుకు ఏదైనా రాసి ఇవ్వమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, కవిత్వం నాకు చేతకాదనీ, కథ రాసేంత అనుభవం లేదనీ చెప్పి తప్పించుకోబోయాను. "సైన్సు విద్యార్థివి గదా, సైన్సు మీదే రాయి" అన్నారు. సైన్సు అనగానే రాకెట్ల గురించో, కృష్ణబిలాల గురించో రాయడం మామూలు. వాటిని గురించి నాకు తెలిసింది మీకందరికీ తెలిసిందే. నేను స్వయంగా తెలుసుకున్న సైన్సు ఒకటే వున్నది. బెలూన్లు కొట్టే గాలి తుపాకీని దేనిమీద ఆనించి కాల్చాలి అన్నది. నవ్వకండి. ఈ చిన్న విషయం తెలియక మా ఇంట్లో పదకొండు వందల యాభై రూపాయలు దండగయ్యాయి. ఏ పాపమూ ఎరుగని మా తమ్ముడు నా చేత చెంపదెబ్బ తిన్నాడు.

మాది గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లెటూరు. మాగాణి కొంత, మెట్ట కొంత. వరి, మిరప, కంది పండిస్తాం. మా మేనమామ మాత్రం పొలం పనులు లేని రోజుల్లో తిరునాళ్ళకు తిరిగేవాడు. శివరాత్రికి కోటప్పకొండలో ప్రభలు చూడడానికి వచ్చే జనం మధ్య ఆయన బెలూన్ల షాపు ఒకటి వెలిసేది. వెదురు తడికకు వరుసలుగా బెలూన్లు, ముందర ఒక బల్ల, బల్ల మీద రెండు తుపాకులు. చిన్నప్పుడు నేను ఆ బల్ల పక్కన కూర్చొని బెలూన్లు ఊదేవాణ్ణి.

బెలూన్లు పెద్దవి, దూరం రెండు బారలు. ఎలా కాల్చినా చాలామందికి తగిలేవి. దారానికి వేలాడదీసిన సుద్దముక్క సంగతి వేరు. దాన్ని కొడితే బహుమతి. బహుమతి కోసం వచ్చినవాడు ఎక్కడ లేని జాగ్రత్తా పడి, తుపాకీ గొట్టాన్ని తీసుకెళ్ళి బల్ల అంచుకు ఆనించేవాడు. అలా ఆనించి సుద్దముక్కను కొట్టినవాళ్ళు నాకు గుర్తున్నంతవరకు లేరు. మోచేతులు బల్ల మీద పెట్టి, తుపాకీని అరచేతిలో వదులుగా పెట్టుకున్నవాళ్ళు అప్పుడప్పుడు కొట్టేవారు. ఒకసారి మామయ్యను అడిగితే, "ఆ బల్లే నన్ను కాపాడుతోందిరా" అని నవ్వాడు. ఎందుకు కాపాడుతోందో ఆయనకూ తెలియదు. నేనూ అంతటితో మరిచిపోయాను.

నా ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో మామయ్య షాపు మానేస్తూ, రెంటిలో మంచిదాన్ని నాకిచ్చాడు. 4.5 మి.మీ. గొట్టం, మధ్యకు విరిచి స్ప్రింగు ఎక్కించే రకం. మా పెరటి చివర ఎత్తయిన మట్టికట్ట వున్నది. దాని ముందు ఒక అట్టపెట్టె, పెట్టెకు కాగితం, కాగితం మీద నల్లచుక్క. వసారా నుంచి పది మీటర్లు, టేపు పెట్టి కొలిచాను. ధర కోసం ఆపిన కందుల బస్తాలు వసారాలోనే వున్నాయి. బస్తా మీద ఎడమ చెయ్యి, చేతిమీద తుపాకీ. అయిదు గుండ్లు వేస్తే అయిదూ ఒక నిమ్మకాయ చాటున దాగేవి. నేనూ తమ్ముడూ వంతులు వేసుకొని కాల్చేవాళ్ళం. వాడప్పుడు ఎనిమిదో తరగతి.

ఒక మధ్యాహ్నం వాడు తుపాకీని నులకమంచం మీద పెట్టబోతే జారి నేల మీద పడింది. మరునాడు పొద్దున నేను కాల్చాను. గుండు చుక్కకు రెండంగుళాలు పైన తగిలింది. మళ్ళీ కాల్చాను, మళ్ళీ పైనే. అయిదు గుండ్లూ పైనే, అదీ చెదురుమదురుగా. ఇంకేముంది, గొట్టం వంగిందని తీర్మానించాను. వాణ్ణి పిలిచి అడిగితే, "పడింది అన్నయ్యా, కానీ మెల్లగానే పడింది" అన్నాడు. అబద్ధమాడుతున్నాడనుకొని చెంప మీద ఒకటిచ్చాను.

నాన్న దాన్ని పట్నంలో రిపేరు చేసే ఒకతని దగ్గరకు తీసుకెళ్ళాడు. అతను ఒక కన్ను మూసి గొట్టంలోకి చూసి వంకర వున్నదన్నాడు. స్ప్రింగు మార్చాడు, వాషరు మార్చాడు, గొట్టాన్ని ఏదో చేశాడు, పదకొండు వందల యాభై తీసుకున్నాడు. ఇంటికొచ్చి కాలిస్తే మళ్ళీ అంతే. నాన్న ఏమీ అనలేదు. తుపాకీని గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ తర్వాత మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా తమ్ముణ్ణి చూసి "తుపాకీ విరగ్గొట్టింది వీడేనా" అనడం ఒక ఆనవాయితీ అయిపోయింది. వాడు నవ్వేసేవాడు. కానీ నా వస్తువు ఏదీ మళ్ళీ ముట్టుకునేవాడు కాదు. నా సైకిలు కూడా.

నేను గమనించని సంగతి ఒకటున్నది. తుపాకీ పడిన రోజునే, సాయంత్రం, కందుల బస్తాలు లారీకెక్కాయి. మరునాటికి వసారా ఖాళీ. నేను తుపాకీని తీసుకెళ్ళి వసారా చివర నాపరాతి అరుగు మీద ఆనించి కాల్చాను. ఒకే రోజున రెండు మార్పులు జరిగితే నేను ఒకదాన్నే చూశాను. ల్యాబులో ఈ పని చేస్తే రికార్డులో ఎర్రసిరా పడుతుంది. ఇంట్లో చేశాను గనక తమ్ముడి చెంప మీద పడింది.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ద్రవ్యరాశి కేంద్రం గురించి పాఠం విన్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ పాఠానికీ మా అటక మీది తుపాకీకీ సంబంధం వున్నదని తట్టడానికి మరో ఏడాదికి పైగా పట్టింది. అదైనా పుస్తకం వల్ల కాదు. మిత్రులతో కృష్ణ దాటి, పడవ దిగబోతూ ఒడ్డుకు అడుగు వేశాను. నేను ముందుకు, పడవ వెనక్కు, మధ్యలో నీళ్ళు. అందరూ నవ్వారు. తడిబట్టలతో తిరిగి వస్తున్నప్పుడు మామయ్య బల్ల గుర్తొచ్చింది.

పడవలో మనిషి ముందుకు నడిస్తే పడవ వెనక్కు జరుగుతుంది. స్ప్రింగు తుపాకీలో జరిగేదీ అదే. బయటికి కనిపించదు గాని, దాని లోపలా ఒక మనిషి నడుస్తాడు. ఆ మనిషి పేరు పిస్టన్. తుపాకీని విరిచి బిగించినప్పుడు స్ప్రింగు నొక్కుకుపోయి, దాని ముందున్న ఉక్కు పిస్టన్ ఒక కొక్కేనికి తగులుకొని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం వదిలేస్తుంది. పిస్టన్ ముందుకు దూకి, సైకిలు పంపులో లాగా ఎదుటనున్న గాలిని ఒత్తుతుంది. ఒత్తిడి చాలినంత పెరిగితే గాని గుండు కదలదు. అంటే పిస్టన్ ప్రయాణం దాదాపు పూర్తి కావచ్చేసరికి గుండు ప్రయాణం మొదలవుతుందన్నమాట. ఈలోగా తుపాకీ ఊరుకుంటుందా? పిస్టన్ ముందుకు పోతున్నంతసేపూ అది వెనక్కు జరుగుతూనే వుంటుంది.

ఎంత జరుగుతుందో లెక్క వేయడం తేలిక. పిస్టన్ పావు కిలో, అది నడిచే దూరం 6 సెంటీమీటర్లు, పిస్టన్‌తో కలిపి మొత్తం తుపాకీ 3 కిలోలు అనుకుందాం. పావు కిలో అంటే మూడు కిలోలలో పన్నెండో వంతు. 6 సెంటీమీటర్లలో పన్నెండో వంతు అర సెంటీమీటరు. అడ్డేమీ లేకుంటే తుపాకీ 5 మిల్లీమీటర్లు వెనక్కు వస్తుంది. ఆపైన, ఒత్తుకుపోయిన గాలి మెత్త మీద పిస్టన్ ఠక్కున ఆగేసరికి తుపాకీ మళ్ళీ ముందుకు గుంజుకుంటుంది. ముందు వెనక్కు, వెంటనే ముందుకు. ఇదంతా సెకనులో నూరో వంతు, అటూ ఇటూగా. ఈ కుదుపుల మధ్య గుండు ఇంకా గొట్టంలోనే వుంటుంది. అదీ చిక్కు.

మందుగుండుతో పేలే తుపాకీలో ఇలా లోపల నడిచే బరువైన మనిషి లేడు. కదిలేది గుండు, దాని వెనక వాయువు. గాలి తుపాకీ గుండు అర గ్రాము, పిస్టన్ దానికి అయిదు వందల రెట్లు. అంచేతనే ఎన్.సి.సి. ఫైరింగు రోజున .22 రైఫిలును ఇసుక బస్తా మీద గట్టిగా అదిమిపట్టి మెప్పు పొందిన కేడెట్ కూడా, గాలి తుపాకీ దగ్గరకొచ్చేసరికి తెల్లబోతాడు. నిజం తుపాకీ కొట్టినవాడికి బొమ్మ తుపాకీ ఒక లెక్కా అనుకుంటాడు. పట్టుకోవడం దీన్నే కష్టం.

ఇప్పుడు నాపరాయి సంగతి చూడండి. తుపాకీ కదలాలనుకుంటుంది, రాయి లొంగదు. ఉక్కుగుండు గచ్చు మీద పడి ఎగిరినట్టు, కుదుపు రాగానే తుపాకీ రాతి మీద నుంచి ఎగిరిపడుతుంది. గుండు ఇంకా లోపలే వుండగా మూతి పైకి లేస్తుంది. అంచేత గుండు పైన తగులుతుంది. అదే తుపాకీని కిటికీ పక్క చట్రానికి ఆనిస్తే రెండో పక్కకు పోతుంది. గట్టి వస్తువు ఎటున్నదో దానికి ఎదురు దిక్కుకు పోవడం సాధారణంగా దీని నైజం. ఇక చెక్కను కాకుండా గొట్టాన్నే ఆనిస్తే మరీ అన్యాయం. మామయ్య షాపులో జరిగింది అదే.

ఎంత లేస్తే ఎంత తప్పుతుందన్నది సరూప త్రిభుజాల లెక్క. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 45 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు అర మిల్లీమీటరు పైకి లేస్తే చాలు, పది మీటర్ల దూరంలో గుండు 11 మిల్లీమీటర్లు పైన తగులుతుంది. రెండు మిల్లీమీటర్లు లేస్తే దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. మా తమ్ముడి మీద నేను మోపిన రెండంగుళాల నేరానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సరిపోతుంది. అంత ఎగురు కంటికి కనబడదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో తుపాకీని అటక మీద నుంచి దించాను. పైపైన తుప్పు, ఒక సాలెగూడు, అంతే. వసారాలో ఈసారి వడ్ల బస్తాలున్నాయి. అయిదు గుండ్లు అరుగు మీద నుంచి, అయిదు బస్తా మీద నుంచి, మళ్ళీ అయిదు అరుగు, మళ్ళీ అయిదు బస్తా. ఇలా మార్చి మార్చి ఎందుకంటే, ఎండ మారినా, నా ఓపిక తగ్గినా ఆ మార్పు రెంటికీ సమానంగా పంచుకుపోవాలని. ప్రతి అయిదింటికీ కాగితం మార్చాను. అరుగు కాగితాలు రెండింటిలోనూ గుండ్లు పైన, చెదిరి. బస్తా కాగితాలు రెండింటిలోనూ చుక్క దగ్గరే, నిమ్మకాయంత గుంపు. తుపాకీకి ఏ రోగమూ లేదు. ఆనాడూ వుండి వుండదు.

అయితే మంచి ఊత అంటే ఏది? కదలకుండా బిగించేదని మొదట నేనూ అనుకున్నాను. రెండు బస్తాల మధ్య తుపాకీని ఇరికించి, పైనుంచి చేత్తో బలంగా అదిమి కాల్చి చూశాను. గుంపు చెదిరిపోయింది. మన చెయ్యి ఒకసారి నొక్కినంత బలంగా రెండోసారి నొక్కదు. తుపాకీ మాత్రం ప్రతి నొక్కుకూ వేరువేరుగా జవాబు చెబుతుంది. ఊత చేయవలసినవి నిజానికి రెండు పనులు. గురి చూసేటప్పుడు తుపాకీ బరువును మన కండరాల మీద పడకుండా తాను మోయాలి. పేలిన క్షణంలో దాన్ని ప్రతిసారీ ఒకే దారిలో వెనక్కు పోనివ్వాలి. మొదటి పని అందరికీ తెలుసు. ఊత కొనేవాళ్ళు, చేసుకునేవాళ్ళు మరిచేది రెండోదాన్ని.

రైతు ఇంట్లో పుట్టినందుకు ఒక సౌకర్యం వున్నది. సంచిలో ఏం పోయాలన్న ప్రశ్నకు అన్ని జవాబులూ గాదె దగ్గరే దొరుకుతాయి. ఊక పోసి చూశాను. మరీ తేలిక. తుపాకీ పెడితే సంచి తలగడలాగా పొంగుతుంది, ఊపిరి తీస్తే ఊగుతుంది. వడ్లు నయం. కందులు ఇంకా నయం. గుండ్రని గింజ గనక తుపాకీ కింద చక్కగా సర్దుకొని గాడి పడుతుంది. అయితే కందులు సంచిలో కుట్టేస్తానంటే అమ్మ ఒప్పుకోదు, ఎలుకలు అంతకన్నా ఒప్పుకోవు. చివరికి ఇసుక దగ్గరకే వచ్చాను. అందులోనూ పద్ధతి వున్నది. రాళ్ళూ గవ్వలూ లేకుండా సన్నజల్లెడ పట్టాలి. ఎండబోసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఇసుక గడ్డకట్టి రాయితో సమానమవుతుంది, మళ్ళీ మొదటి కథే. సంచిని నిండా కూరకూడదు. ముప్పాతిక వంతు పోసి, పైన పిడికిలితో ఒక గాడి నొక్కితే ఆ గాడి నిలవాలి. పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, రెండు వరసల కుట్టు వేయిస్తే నాలుగు కిలోల సంచి తయారు. పాలిథిన్ సంచి పనికిరాదు. జారుతుంది, చిరుగుతుంది, తుపాకీ కదిలినప్పుడల్లా బరబరమంటుంది.

సంచి కుదిరింది గదా అని తుపాకీని తిన్నగా దాని మీద పెట్టేయకండి. మధ్యలో మీ చెయ్యి వుండాలి. ఎడమచేతి వెనక భాగం సంచి మీద, తెరిచిన అరచేతిలో తుపాకీ ముందు చెక్క. వేళ్ళు మూయకూడదు. కుడిచేత్తో కూడా బిగించకూడదు, భుజానికి ఆనీ ఆననట్టు వుంచాలి. ఫిరంగి తన చక్రాల మీద వెనక్కు దొర్లినట్టు తుపాకీ మీ చేతిలో వెనక్కు దొర్లుతుంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'ఆర్టిలరీ హోల్డ్' అంటారు. వదులుగా పట్టుకుంటే గురి తప్పుతుందేమోనన్న భయం సహజం. ఒక వందసార్లు కాల్చేసరికి పోతుంది.

చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది ఏ తుపాకీకి ఆ తుపాకీయే చెప్పాలి. ముందుగా దాన్ని ఒక వేలి మీద నిలబెట్టి బరువు సమానమయ్యే చోటు కనుక్కోండి. అక్కడి నుంచి ముందుకు అంగుళం అంగుళం జరుపుతూ అయిదేసి గుండ్లు వేసి, ఏ చోట గుంపు చిన్నదయిందో అక్కడ చెక్క మీద పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఇక ప్రతిసారీ ఆ గీత దగ్గరే. చోటు మారితే తగిలే చోటూ మారుతుంది. నాకు ట్రిగ్గర్ కమ్మీకి నాలుగు వేళ్ళ ముందు కుదిరింది.

సంచిని పెట్టే చోటు గురించి ఒక మాట. నులకమంచం పనికిరాదు. మనిషి ఊపిరి తీస్తే మంచం కూడా తీస్తుంది. నాలుగుకాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఏదో ఒక కాలు ఎత్తి వుంచుతుంది. మూడుకాళ్ళ పీటకు ఆ బాధ లేదు, ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో వుంటాయి. లెవెల్ మరలున్న మూడుకాళ్ళ పరికరాలను మన ల్యాబులో రోజూ చూస్తూనే వున్నాం. పొలంలో అయితే నేల మీద పడుకొని కాల్చడమే అన్నింటికన్నా చవక.

ఇక కర్రలు. నిలబడి గాని కూర్చొని గాని కాల్చాలంటే సంచి అందదు. ఒంటికర్ర ఊతగా పెట్టుకుంటే తుపాకీ కిందికీ పైకీ ఊగడం ఆగుతుంది, పక్కలకు మాత్రం ఊగుతుంది. రెండు వెదురు కర్రలను పైన జానెడు వదిలి, సైకిలు ట్యూబు ముక్కతో కట్టి కత్తెరలాగా తెరిస్తే పక్క ఊపు కూడా చాలావరకు తగ్గుతుంది. ట్యూబు ముక్క కొంచెం సాగుతుంది గనక తుపాకీకి కావలసిన వెసులుబాటూ దొరుకుతుంది. మూడో కర్ర చేరిస్తే ముక్కాలి అవుతుంది. నిలకడ ఇంకా పెరుగుతుంది, మోత బరువు కూడా. కూర్చొని కాల్చేవారికి రెండు కర్రలు చాలునని నా అభిప్రాయం.

మా గదిలో వుండే మిత్రుడు ఆన్‌లైనులో బైపాడ్ తెప్పించాడు. రెండు ఇనుప కాళ్ళు, తుపాకీ ముందు చెక్కకు మరలతో బిగుస్తుంది. చూడడానికి సినిమాల్లో లాగా వుంటుందని ఒప్పుకుంటాను. కానీ స్ప్రింగు తుపాకీకి దాన్ని బిగించి సిమెంటు గచ్చు మీద పెడితే, ప్రతి పేలుడుకూ కప్పలాగా గెంతుతుంది. కాళ్ళ కింద మడతపెట్టిన దుప్పటి వేస్తే కొంత నయం. ముందే గాలి నింపి వుంచే సిలిండరున్న తుపాకీ అయితే సంగతి వేరు. వాటిలో పిస్టన్ పరుగు లేదు, కుదుపు బహు స్వల్పం. వాటికి బైపాడ్ అయినా, గట్టి స్టాండు అయినా దివ్యంగా పనిచేస్తాయి. అంచేత ఎవరైనా "ఫలానా స్టాండు అద్భుతం" అంటే, అది ఏ రకం తుపాకీతోనని అడగండి. మావాడు అడగకుండా కొన్నాడు. ఇప్పుడది మా కిటికీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి వుపయోగపడుతోంది.

పోటీల్లో ఊత ఒప్పుకోరు గదా, ఈ గొడవంతా దేనికి అని మన క్రీడాకారులు అడగవచ్చు. నిజమే. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఒలింపిక్స్‌లో వున్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నిలబడి, ఏ ఊతా లేకుండానే కాల్చాలి. నడిమి చుక్క అర మిల్లీమీటరు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012 లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ పోటీలోనే. వాళ్ళ ఊత వాళ్ళ ఎముకలు. ఎడమ మోచేతిని నడుము ఎముక దగ్గర ఆనించి, తుపాకీ బరువును కండరం మీద కాకుండా ఎముకల మీదుగా నేలకు దించుతారు. పారా షూటింగులో చేతులతో రైఫిలు బరువు మోయలేని క్రీడాకారులకు ఎస్.హెచ్.2 అని ఒక విభాగం వున్నది. వాళ్ళకు స్టాండు ఇస్తారు, అయితే దానికి స్ప్రింగు వుంటుంది. బరువును అది మోస్తుంది, గురిని మాత్రం మనిషే నిలపాలి.

పోటీలో ఊత లేకపోయినా సాధనలో దాని అవసరం వున్నది. నిలబడి కాల్చిన గుండు తప్పితే తప్పు తుపాకీదా, గుండుదా, సైటుదా, మనిషిదా అన్నది తేలదు. మంచి ఊత మీద అయిదు గుండ్లు వేసి చూస్తే మనిషి వాటా చాలావరకు తీసివేసినట్టే. మిగిలిన తప్పు తుపాకీది. ఊత సరిగా లేకుండా ఈ పరీక్ష చేస్తే ఏమవుతుందో పైన రాశాను.

ఊత మీద కూడా మనిషి కొంత చూసుకోవాలి. గురి కుదిరాక ఒకసారి కళ్ళు మూసి, ఊపిరి రెండుసార్లు తీసి వదిలి, కళ్ళు తెరవండి. సైటు చుక్క మీదే వుంటే సరే. పక్కకు పోయి వుంటే చేత్తో లాగి సరిచేయకండి, సంచినో మీరు కూర్చున్న తీరునో జరపండి. లాగి పట్టిన కండరం ట్రిగ్గర్ నొక్కే క్షణంలో వదిలేస్తుంది.

కాగితం వెనక మెత్తని మట్టికట్టో, గుడ్డలు కుక్కిన పెట్టెయో వుండాలి. రాయి, ఇనుపరేకు వుంటే సీసపు గుండు తిరిగి మన మీదికే వస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది సీసం. గొట్టం 4.5 మి.మీ. మించినా, గుండు శక్తి 20 జౌళ్ళు దాటినా 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి. అర గ్రాము గుండు సెకనుకు 180 మీటర్ల వేగంతో పోతే 8 జౌళ్ళు, మామూలు తుపాకీ ఆ లోపలిదే. మొక్కజొన్న చేలో చిలకల్ని కొట్టవచ్చునా అని మా ఊళ్ళో చాలామంది అడిగారు. కూడదు. 1972 వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతున్నది. డబ్బా మోగిస్తే పోయే పిట్టకు గుండెందుకు?

సంక్రాంతి నాటి సంగతి మిగిలిపోయింది. నాలుగు కాగితాలూ పట్టుకెళ్ళి తమ్ముడికి చూపించాను. వాడిప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, నాకన్నా పొడుగు. అరుగు, బస్తా, పడవ, పిస్టన్ అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే నాన్నకు చెప్పావా?" అన్నాడు. చెప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. నాన్న కాసేపు కంచంలోకి చూసి, "పదకొండు వందల యాభై" అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు ఆనాడే చెప్పావు గదరా, మెల్లగా పడిందని" అన్నాడు. అమ్మ వాడికి ఇంకో గరిటెడు పప్పు వేసింది.

మరునాడు నా పాత జీన్సు కాలు కుట్టించుకొచ్చింది వాడే. ఏటికి వెళ్ళి ఇసుక తెచ్చి జల్లించిందీ వాడే. సెలవులైపోయి నేను ఇక్కడికి వచ్చేశాను. తుపాకీ అక్కడే వున్నది. మొన్న రాత్రి ఫోను చేసి, వానకు వసారాలో జల్లు కొట్టి సంచి తడిసిందనీ, కుట్టు విప్పి ఇసుక డాబా మీద ఎండబోశాననీ చెప్పాడు.